నేను, కరెంటు సెన్సర్‌ని

చూడ్డానికి నల్ల ప్లాస్టిక్ రింగుని, అంతే. సీఓటూ వెల్డింగ్ మిషన్ నుంచి టార్చికి పోయే లావుపాటి కేబుల్ నా మధ్యలోంచి వెళ్తుంది. కరెంటు పారినప్పుడు దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో, నా లోపలి చిప్ అంచుల మధ్య పిసరంత వోల్టేజి పుడుతుంది. 1879లో బాల్టిమోర్‌లో పల్చటి బంగారు రేకు మీద ఈ సంగతి కనిపెట్టిన ఎడ్విన్ హాల్ పేరే మా వంశానిది. కేబుల్‌లో వందల ఆంపియర్లు పోతున్నా ఒక్కటీ నా ఒంట్లోకి రాదు.

నా ఉద్యోగం జీడిమెట్లలో, ట్యాంకులు చేసే ఒక షెడ్డులో. 1.2 మిల్లీమీటర్ల తీగ, 170 ఆంపియర్లు, 21 వోల్టులు. తీగ కొస కరిగిన లోహాన్ని సెకనుకు పదుల సార్లు తాకుతుంది. తాకగానే కరెంటు ఎగుస్తుంది, చుక్క తెగగానే దిగుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను ఎప్పటికప్పుడు కంట్రోలర్‌కు చేరవేస్తుంటాను. మేస్త్రీ ఇదే పని చెవితో చేస్తాడు. పకోడీలు వేగుతున్నట్టు ఒకే తీరున చిటపటలాడితే బీడు, అంటే వెల్డింగ్ గీత, బాగున్నట్టే.

మే నెలలో ఓ మధ్యాహ్నం ఆ లయ తప్పింది. సగటు కరెంటులో తేడా లేదు. గ్యాస్ పైపు మీది ఫ్లో సెన్సర్ నిమిషానికి 15 లీటర్లు పోతోందని బల్లగుద్ది చెబుతోంది. నా లెక్కలో మాత్రం ఒక చుక్క ముందే తెగుతోంది, ఇంకోటి ఆలస్యంగా. కంట్రోలర్ ఎర్ర లైటు వేసింది.

“అన్నా, ఎర్ర లైటొచ్చింది!” అని అరిచాడు హెల్పర్.

మేస్త్రీ హెల్మెట్ పైకెత్తి చుట్టూ చూశాడు. “ఫస్టు ఆ ఫ్యాను అటు తిప్పురా. గ్యాసంతా గాలికి కొట్టుకుపోతుంది.”

ఉక్క తట్టుకోలేక హెల్పర్ తెచ్చి పెట్టిన పెడస్టల్ ఫ్యాను అది. దాని హోరులో మేస్త్రీకి చిటపటలో తేడా వినబడలేదు. కరిగిన లోహానికి గాలి సోకకుండా కాపాడాల్సిన గ్యాస్ నాజిల్ దాటాక ఏమవుతుందో ఫ్లో సెన్సర్‌కు తెలియదు. బీడు గీకి చూస్తే జానెడు మేర సూదిబెజ్జాలు. అంతవరకే గ్రైండ్ చేసి మళ్లీ వెల్డింగ్ పెట్టారు. అదే ట్యాంకు పూర్తయ్యాక ఎక్స్‌రేలో బయటపడితే ఎంత పని!

రోబోల దగ్గర మావాళ్లు దారి కూడా చూపిస్తారు. టార్చి జాయింటులో అటూ ఇటూ ఊగుతూ పోతుంటే, ప్లేటుకు దగ్గరైన వైపు కరెంటు పెరుగుతుంది. రెండు వైపులా సమానమయ్యేలా రోబో పక్కకు జరుగుతుంది. దానికి కెమెరా అక్కర్లేదు.

అలాగని అన్నీ నాకే తెలుసనుకోను. లోహం అంచుతో సరిగా కలవకపోయినా, ఒక్కోసారి నాకు కరెంటు సజావుగానే కనబడుతుంది. అందుకే నేను సరేనన్న జాయింట్లను కూడా అల్ట్రాసోనిక్ పరీక్షకు పంపుతారు. నాకేం చిన్నతనం కాదు. ఆ పరీక్షవాళ్లు వచ్చేసరికి బీడు చల్లారిపోతుంది. వేడి మీదుండగానే తప్పు పట్టాలంటే మాత్రం మేస్త్రీ చెవి కావాలి, దానికి హోరు అడ్డొచ్చిన రోజున నేను కావాలి.