పసుపు రంగు లోహపు హారం – ఒకటి

నేను కాసులపేరుని. నలభై ఎనిమిది బిళ్లలు, బిళ్లకో లక్ష్మీదేవి, మొత్తం పన్నెండు కాసుల బరువు. 1961లో పాలకొల్లు కంసాలి ఒకాయన నన్ను చేశాడు. ఇంకో రెండేళ్లు ఆలస్యమైతే ఈ వన్నెతో పుట్టేదాన్ని కాదు. 1963 జనవరిలో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చేయకూడదన్నాయి. నేను ఇరవై రెండు క్యారెట్ల దాన్ని. ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

మామ్మగారి పెళ్లిలో పుట్టింటివాళ్లు నన్ను ఆమె మెడలో వేశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, 14వ సెక్షన్ ప్రకారం ఆ పూట నుంచీ నా మీద సర్వహక్కులూ ఆవిడవే. మొగుడికీ అత్తమామలకీ అందులో వాటా లేదు. 1990ల్లో తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యల చెరువులు ఊడ్చుకుపోయినప్పుడు తాతగారు నన్ను తాకట్టు పెట్టారు. "విడిపించి మళ్లీ నా చేతిలోనే పెట్టాలి" అన్నారు మామ్మగారు. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు కూడా అంటోంది. అత్తింటివాళ్ల సంగతి సరే, కన్నతండ్రికీ అధికారం లేదు. విడాకులు తీసుకున్న కూతురి నగలు ఆమె మాజీ అత్తింటివాళ్లు ఇవ్వలేదని ఓ తండ్రి కేసు పెడితే, అమ్మాయి అధికారం ఇవ్వకుండా మీరు అడగడానికి లేదని 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన ఆ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది.

బతికున్నంతకాలం ఇంత గట్టిగా కాపాడిన చట్టం మామ్మగారు పోయాక ఏం చేసిందో చెప్తాను.

ఆవిడ ప్రతి శ్రావణ శుక్రవారం పేరంటాళ్లందరి ముందూ ఒకే మాట అనేవారు: "నా తర్వాత ఇది పెద్ద కోడలికే." పెద్దబ్బాయి పోయినా అత్తగారిని విడిచిపెట్టకుండా, మంచాన పడ్డాక ముద్ద కలిపి నోట్లో పెట్టింది ఆ కోడలే. వీధి వీధంతా ఆ మాట విన్నది. కానీ కాగితం మీద పడలేదు. పండగకీ పెళ్లికీ నన్ను ఆ అమ్మాయి మెడలో వేసేవారు, ఇంటికి రాగానే తీసి మళ్లీ దాచేసేవారు. ఎరువు సొమ్ము బరువుచేటని ఊరికే అన్నారా! మరి నాతోపాటు ఉండే రాళ్ల నెక్లెస్ కథ వేరు. మనవరాలి ఓణీల రోజున దాన్ని కోడలి చేతిలో పెట్టి, "ఇక నీదేనమ్మా, ఉంచుకో" అన్నారు. చరాస్తిని దానంగా ఇవ్వాలంటే చేతికి అందిస్తే చాలు, రిజిస్ట్రేషను అక్కర్లేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. అందుకే ఆ నెక్లెస్ జోలికి ఎవరూ రాలేదు. నా మీదే తగువు.

పెద్దకర్మ అయ్యాక నేనున్న బ్యాంకు లాకరు తెరిచారు. నామినీ కూతురు. నామినీ చేతికిచ్చే ముందు ఇద్దరు స్వతంత్ర సాక్షుల ఎదుట జాబితా రాయాలని రిజర్వు బ్యాంకు 2021లో ఆదేశాలిచ్చింది. బ్యాంకు ఆఫీసరు నన్ను ట్రేలో పరిచి, బిళ్లలు లెక్కపెట్టి, "పసుపు రంగు లోహపు హారం – ఒకటి" అని రాయించాడు. అరవై ఏళ్లు మహాలక్ష్మి అనిపించుకున్నదాన్ని! బంగారమో కాదో తేల్చడం తన పని కాదుట. పక్కనే ఉన్న వడ్డాణానికీ అదే మర్యాద జరిగింది కనుక ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక కూతురంది, "నామినీని నేను. అమ్మ నా పేరే రాసిందంటే నాకివ్వాలనేగా?" ప్లీడరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నామినీ అంటే బ్యాంకు దగ్గర పుచ్చుకుని వారసుల ముందు పెట్టే మనిషమ్మా. సొంతదారు కాదు. 1984లో బీమా డబ్బు కేసులోనూ, 2023లో షేర్ల కేసులోనూ సుప్రీంకోర్టు అదే చెప్పింది."

"పోనీ, కోర్టులో వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకుంటే?" అన్నాడు చిన్నబ్బాయి.

"అది అమ్మగారి డిపాజిట్లకి పనికొస్తుంది. నగలకీ గిన్నెలకీ ఆ పత్రం ఇవ్వరు."

చరాస్తితో చిక్కంతా ఇక్కడే ఉంది. పొలానికి పాసు పుస్తకం ఉంటుంది, గంగాళానికి ఏముంటుంది? ఎవరింట్లో ఉంటే వాళ్లదే అనిపిస్తుంది. పదకొండో రోజున రాగి బిందెలు కూతురి కారెక్కాయి, పదమూడో రోజుకి కుట్టుమిషను చిన్నబ్బాయి ఇంట్లో తేలింది. పట్టుకెళ్లినంత మాత్రాన సొంతం కావు. పంపకాలయ్యేదాకా అట్లకాడతో సహా అన్నిట్లోనూ వారసులందరికీ వాటా ఉంటుంది. కాకపోతే అట్లకాడ కోసం పార్టిషన్ దావా వేసే ఓపిక ఎవరికుంటుంది?

ఇంతకీ వారసులెవరు? వీలునామా లేకుండా పోయిన హిందూ స్త్రీ ఆస్తి ముందుగా కొడుకులకీ కూతుళ్లకీ భర్తకీ సమానంగా వస్తుంది. కొడుకు ముందే పోతే అతని వాటా అతని పిల్లలకి. అతని భార్య పేరు ఆ వరసలో లేదు. అదే తాతగారు పోయి ఉంటే ఆయన ఆస్తిలో పెద్ద కోడలికీ వాటా ఉండేది. మామగారి ఆస్తికి వారసురాలు, అత్తగారి ఆస్తికి పరాయిది! ఆ మాట ప్లీడరుగారి నోట వినగానే తాతగారు నా వైపు చూడలేక కిటికీలోంచి బయటికి చూశారు.

ఇంతకంటే అన్యాయం జరిగిన కథ కూడా చెప్పారు ప్లీడరుగారు. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే ఒకావిణ్ణి అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింట చదువుకుని, ఉద్యోగం చేసి, బ్యాంకులోనూ ప్రావిడెంట్ ఫండ్‌లోనూ డబ్బు కూడబెట్టి, వీలునామా రాయకుండా పోయింది. భర్తా పిల్లలూ లేని ఆడమనిషి స్వార్జితం ముందు భర్త వారసులకే పోతుంది, తల్లిదండ్రులది ఆ తర్వాతి వరస. సానుభూతితో చట్టాన్ని మార్చి చదవలేమని 2009లో సుప్రీంకోర్టు ఆ సొమ్మును అత్తింటివైపు వాళ్లకే ఇచ్చింది. అలాంటి సందర్భంలో పుట్టింటికీ చోటివ్వాలని లా కమిషను 2008లోనే సిఫారసు చేసింది.

నా లెక్క మాత్రం తేలికే. తాతగారు, చిన్నబ్బాయి, కూతురు, పెద్దబ్బాయి పిల్ల – నాలుగు వాటాలు, తలకి పన్నెండు బిళ్లలు. చట్టానికి నేను తొంభై ఆరు గ్రాములు, అంతే. తెంచి పంచితే ఎవరికీ ఒక్క గ్రాము అన్యాయం జరగదు, కాసులపేరు మాత్రం ఉండదు.

తాతగారే ముందు కదిలారు. తన పన్నెండు బిళ్లలూ పెద్ద కోడలికిస్తానన్నారు. "నోటి మాట వద్దండి, చేతికివ్వండి" అన్నారు ప్లీడరుగారు. ఆయన నన్ను రెండు చేతులా ఎత్తి, లెక్క పెట్టి, ఆ అమ్మాయి దోసిట్లోకి జార్చారు. చిన్నబ్బాయి, "డబ్బిచ్చేయండి వదినా, బిళ్లలు నేనేం చేసుకుంటాను" అన్నాడు. కూతురు మాత్రం, "మా అమ్మ గుర్తు నాకూ కావాలి" అంది. కంసాలిని పిలిపించారు. కూతురి పన్నెండూ తీసేసి మిగతా ముప్పై ఆరూ మళ్లీ గుచ్చాడు. మెడకి కాస్త పొట్టయ్యాను గానీ పేరు పోలేదు. అందరూ సంతకాలు చేసి ఎవరికేం చేరిందో రాసుకున్నారు.

అదే ఊపులో తాతగారు తన సామాన్లకి వీలునామా రాస్తానని తెల్లకాగితం అడిగారు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాలి. రేడియో మనవరాలికి. స్కూటరు చిన్నబ్బాయికి, ఆర్టీఓ ఆఫీసులో పేరు మార్పించుకోవడం వాడి పని. కుట్టుమిషను పెద్ద కోడలికి.

"ఆగండాగండి," అన్నారు ప్లీడరుగారు. "కుట్టుమిషను మీది కాదు, అమ్మగారిది. దాన్లో మీకు పావు వాటాయే ఉంది."

తాతగారు చిన్నబ్బాయి వైపు ఓసారి చూసి, కుట్టుమిషను అన్నచోట "కుట్టుమిషనులో నా పావు వాటా" అని దిద్ది, కింద గీత గీశారు.