వాస్తు ప్రకారం కారుతున్న ఇల్లు

నరసాపురంలో కట్టిన గోడను కాంట్రాక్టరు చేతే పడగొట్టించగల అధికారి ఒక్కరే ఉన్నారు. ఆయన మునిసిపల్ ఆఫీసులో కూర్చోరు. ఆయనకు జీపూ లేదు, జీతమూ లేదు. భుజాన కండువా, జేబులో దిక్సూచి, దవడన వక్కపలుకు. వాస్తు సిద్ధాంతిగారు వస్తున్నారంటే తాపీ మేస్త్రి బీడీ పారేసి లేచి నిలబడతాడు.

మొన్నామధ్య మా వీధి చివర ఇంట్లో మెట్లు ఈశాన్యంలో పడ్డాయని ఆయన నొసలు చిట్లించారు. మాట కూడా అనలేదు, నొసలే. మర్నాడు పొద్దున్నే గునపాలు దిగాయి. అదే ఇంటి వెనక పిల్లర్లో ఊచలు కాంక్రీటు దాటి బయటికి తొంగిచూస్తున్నాయని పక్కింటి రిటైర్డు ఇంజినీరుగారు అంతకుముందు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. ''ఆయ్, ప్లాస్టరింగులో కప్పడిపోద్దండి'' అన్నాడు కాంట్రాక్టరు. నిజంగానే కప్పడిపోయింది. మనిషి మాట తప్పడు.

ఇల్లు చెడగొట్టిన కాంట్రాక్టరును ఏం చెయ్యాలన్నది మా ఊళ్లో తొలకరితో మొదలై దసరాకి చల్లారే చర్చ. లైసెన్సు రద్దు చేయించాలని ఆవేశపడేవాళ్లుంటారు. రద్దు చెయ్యాలంటే ముందు ఒకటి ఉండాలి కదా, పాపం. కారు వెనకద్దం మీద 'క్లాస్ వన్ కాంట్రాక్టర్' అని ఉన్నమాట నిజమే. అది సర్కారు పనులకి. స్పెషల్ క్లాసు నుంచి ఐదో క్లాసు దాకా ఉండే ఆ రిజిస్ట్రేషను రోడ్డుకీ కల్వర్టుకీ టెండరు వేసుకోడానికి. కల్వర్టు కుంగితే ఆయన్ని బ్లాక్‌లిస్టులో పెట్టే వీలైనా ఉంది. మీ వంటిల్లు కుంగితే ఆ లిస్టుకేం పట్టింది? ఇంట్లో వైరింగు చెయ్యాలంటే మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు కావాలి, ఆ లైసెన్సివ్వడానికి ఒక బోర్డు కూడా ఉంది. ఫ్యాను తిప్పే తీగకి లైసెన్సు, ఆ ఫ్యానును మోసే స్లాబుకి నమ్మకం.

మరి మునిసిపాలిటీ? 2017 నాటి భవన నిబంధనలు చదివితే కళ్లు చెమరుస్తాయి. ప్లాను గీసేవాడికి లైసెన్సుంది. ఆయన ఆన్‌లైన్లో పెట్టిన ప్లానులో ఇంటి చుట్టూ మనిషి తిరిగేంత ఖాళీ ఉంటుంది. కట్టాక అక్కడ పిల్లి తిరగాలన్నా పక్కకి ఒదగాలి. అయినా టేపు పట్టుకుని వచ్చే ఉద్యోగి చూసేది గోడ ఎంత దూరంలో ఉందనే. గోడలో ఏముందని కాదు.

కాలిఫోర్నియాలో ఉన్న మనూరి పిల్లలు వీడియో కాల్లో చెప్పే కబుర్లు వింటే మా కాంట్రాక్టరుగారికి నవ్వాగదు. అక్కడ కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు 1929 నుంచీ ఉంది. వెయ్యి డాలర్లు దాటిన పని ఒప్పుకోవాలంటే లైసెన్సుండాలి. దానికి నాలుగేళ్ల అనుభవం చూపించాలి, పరీక్ష పాసవ్వాలి, 25 వేల డాలర్ల బాండు పెట్టాలి. ప్రకటనలో లైసెన్సు నంబరు వెయ్యాలి, ఆ నంబరు కొట్టి చూస్తే ఆయన మీద బోర్డు తీసుకున్న చర్యలు కనపడతాయి. ఇదంతా ఓపిగ్గా విని మా కాంట్రాక్టరుగారు ఒకటే అడిగారు. ''పరీక్షంటే, మనవే రాయాలాండి?''

మనకి చట్టాలు లేవని కాదు. 2016లో రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టం వచ్చింది. ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు పైసా తీసుకోకుండా బాగుచెయ్యాలని అందులో 14వ సెక్షను. ఇది విన్నరోజు మా వీధిలో అందరూ పండగ చేసుకున్నారు. మూడో సెక్షను చదివాక అరుగులెక్కి కూర్చున్నారు. 500 చదరపు మీటర్లు దాటని స్థలం, లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటని కట్టడం దాని లెక్కలోకి రావు. మన కొలతలో చెప్పుకుంటే పన్నెండు సెంట్ల పైచిలుకు. పైగా అది అమ్మకానికి కట్టేవాళ్ల కోసం పెట్టిన చట్టం. తాతలిచ్చిన నాలుగు సెంట్లలో సొంతానికి కట్టుకునే నరసాపురం వాడికి రెరా దూరపు చుట్టం. పెళ్లికి పిలవచ్చు, రాదు.

వినియోగదారుల చట్టం మాత్రం దగ్గరి చుట్టమే. ఇళ్లు కట్టిపెట్టడం కూడా 'సేవ' కిందికే వస్తుందని 1993లోనే చట్టంలో చేర్చారు. అదే ఏడాది లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. స్థలం డెవలప్‌మెంటుకిచ్చిన ఆసామీ కూడా వినియోగదారుడేనని 2008లో ఫకీర్‌చంద్ గులాటీ కేసులో తేల్చింది. 2019 చట్టం ప్రకారం జిల్లా కమిషను మూడు నెలల్లో తీర్పు చెప్పడానికి ప్రయత్నించాలి, ల్యాబు పరీక్షలు కావాల్సివస్తే ఐదు నెలలు. ఐదు లక్షల లోపు ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు. ఆదేశం లెక్కచెయ్యకపోతే జైలు కూడా ఉంది.

అన్నీ ఉన్నాయి. కమిషను అడిగే ఒక్క కాగితం తప్ప. ఒప్పందం ఏదయ్యా అంటే, గోడ కేలండరు వెనక పెన్సిలుతో వేసిన చదరపడుగు రేటు. రసీదులేవయ్యా అంటే, ఎంబెరుమన్నారు గుడి ముందు లెక్కపెట్టి చేతిలో పెట్టిన నోట్ల కట్టలు, సాక్షి సాక్షాత్తూ స్వామివారు. ఆయన్ని వాయిదాకి తీసుకెళ్లే ప్లీడరు ఇంకా పుట్టలేదు. ఇక కాంట్రాక్టరు మన తోడల్లుడికి పెదనాన్న కొడుకై ఉంటాడు. వాళ్లింటి సారె తిన్న నోటితో లాయరు నోటీసు మాట ఎలా ఎత్తుతాం?

కూలితే వేరే లెక్క. 2025 మార్చి 26న ఇదే గోదావరి ఒడ్డున భద్రాచలంలో, కడుతూ ఉండగానే ఒక బహుళ అంతస్తుల భవనం కూలి పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు అందరూ వచ్చారు, పోలీసులూ, అధికారులూ, కెమెరాలూ. ఇల్లు కూలితే కేసు. కారితే మాత్రం ఇంటాయన కర్మ, కింద బొచ్చె పెట్టుకోవడమే.

అసలు ఎక్కడ చెడుతుందో చూడాలంటే స్లాబు వేసే రోజు రావాలి. మిషనుకి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఇంటాయన కళ్లు మాంసం కూర గిన్నె మీదున్నాయి, పనివాళ్లకి భోజనాలు ఎక్కడా లోటు రాకూడదు. పైన మాలు గట్టిగా ఉండి పార లాగడం లేదు. ''నీళ్లొయ్యరా'' అని కేక. గొట్టం తిప్పారు. మాలు జావైంది, పని సులువైంది, కాంక్రీటు బలం నీళ్లతోపాటు సెంట్రింగు సందుల్లోంచి కిందికి కారిపోయింది. ఊచల కింద కవర్ బ్లాకులు పెట్టాల్సిన చోట కంకర రాళ్లు ఎగదోశారు, కాలు పడగానే అవి పక్కకి దొర్లాయి. మనది సముద్రపు గాలి తగిలే ఊరు. ఇలాంటి చోట ఊచకీ బయటి గాలికీ మధ్య 45 మిల్లీమీటర్ల కాంక్రీటుండాలని ఐఎస్ 456 అనే ప్రమాణ గ్రంథం చెబుతుంది. మా మేస్త్రి 'వేలు మందం' అంటాడు, ఏ వేలో చెప్పడు. ఇసుక ఏ రేవుదో ట్రాక్టరు డ్రైవరుకే తెలియాలి. ఏటిమొగ దగ్గర తీసిన ఇసుకలో ఉప్పుంటుంది, ఉప్పు ఊచని తింటుంది. తుప్పెక్కి ఉబ్బిన ఊచ స్లాబు పెచ్చులూడగొడుతుంది.

ఆ తర్వాత తడపడం. మామూలు సిమెంటైతే కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే పది రోజులు తడిగా ఉంచాలి. మడులు కట్టి నీళ్లు నిలిపారు కూడా. మూడోరోజుకి పనివాళ్లు మొగల్తూరులో ఇంకో స్లాబుకి వెళ్లిపోయారు. మడుల్లో పిచికలు స్నానం చేసినన్నాళ్లు చేశాయి, తర్వాత అవీ వెళ్లిపోయాయి.

ఒకప్పుడు పరదేశి కంపెనీలు ఓడలు కట్టించుకున్న ఊరిది. వలందర రేవు పేరులో వలందులు, అంటే డచ్చివాళ్లు, ఇంకా ఉన్నారు. సముద్రం మధ్యలో నీళ్లు లోపలికి రాకుండా కట్టినవాళ్ల మునిమనవలం, నడివీధిలో వాన లోపలికి రాకుండా కట్టలేకపోతున్నాం. పోనీ ఊరికి నాణ్యత తెలియదా అంటే, 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, తెచ్చుకున్న మన లేసు చూడండి. ఒక్క కుట్టు వదులైతే ఆడవాళ్లు వరసంతా విప్పేసి మళ్లీ అల్లుతారు. బల్లమీద పరిచే గుడ్డకి దక్కే శ్రద్ధ నెత్తిమీద కప్పుకి దక్కదు.

ఇందులో మన వాటా తక్కువేం కాదు. మట్టి పరీక్ష అంటే డబ్బు దండగన్నాం. గజం తవ్వితే నీళ్లూరే ఒండ్రునేల మీద, చెరువు పూడ్చి బొండు ఇసుక తోలిన స్థలంలో, ఆ మిగిల్చిన డబ్బుతో ముంగిట ఆర్చీ పెట్టించాం. ముగ్గురు రేటు చెబితే అందరికన్నా తక్కువ చెప్పినవాడికి ఇచ్చి, పైన ఇంకో పదిరూపాయలు తగ్గించుకున్నాం. ఆ పది ఎక్కడ తగ్గిందో వానొచ్చినప్పుడు కనపడుతోంది.

ఇన్ని చట్టాలు చెయ్యలేని పని ఎవరు చెయ్యగలరో మొదట్లోనే చెప్పాను. అందుకే సిద్ధాంతిగారి దగ్గరికి ఒక విన్నపంతో వెళ్లాను. ఐఎస్ 456ను వాస్తులో కలిపెయ్యండి స్వామీ అన్నాను. కవర్ 45 మిల్లీమీటర్లకి తగ్గితే ఇంటి యజమానికి గండమనండి. మాలులో అదనంగా నీళ్లు పోస్తే చేతిలో ధనం నీళ్లలా పోతుందనండి, ఇది ఎలాగూ నిజమే. పది రోజులు స్లాబు తడపని ఇంటికి అల్లుడు అలిగి వెళ్లిపోతాడనండి, అత్తగారే బిందె పట్టుకుని పైకెక్కుతుంది. ఉప్పు ఇసుక వాడితే నైరుతి దోషం. రాతకోతలు లేకుండా అడ్వాన్సు ఇస్తే శుక్రవారం పూట అప్పిచ్చినట్టే. ఒక్క ఏడాది చాలు, జిల్లాలో నెర్రె విచ్చిన గోడ కనపడదు.

సిద్ధాంతిగారు చాలాసేపు ఆలోచించారు. దిక్సూచి తీసి చూసుకున్నారు, ఎందుకో. ''శాస్త్రంలో ఉప్పు ఇసుక మాట లేదు గానీ, చేర్చొచ్చు'' అన్నారు. ''అయితే మీ ఇల్లు కారేది ఏ మూల?'' అని అడిగారు. ఈశాన్యమన్నాను. ఆయన ముఖం విప్పారింది. ''ఈశాన్యంలో జలం మహా శ్రేష్ఠం. ముట్టుకోకండి.''

ఈ సంగతి సాయంత్రానికి మా కాంట్రాక్టరుగారి చెవిన పడింది. బండి ఆపి మరీ పలకరించారు. భయపడ్డారేమో, దారికొచ్చారేమో అనుకున్నాను.

''శానా మంచి ఆలోచనండి, బాబుగారూ. కవర్ దోషం, తడపని దోషం, అన్నీ పెట్టించెయ్యండి. దోషవన్నాక శాంతుంటాది కదండీ? ఆ హోమం సామానూ, పంతులుగారి సంభావనా మనవే చూసుకుందాం. చదరపడుక్కి ఇంతని రేటులో కలిపేద్దావండి.''