గీకితే రెండు శాతం

"క్యాషైతే 30 వేలు సార్. కార్డు గీకితే ఇంకో 600." సెల్‌ఫోన్ల షాపులో కుర్రాడు పంచాంగంలో తిథి చెప్పినంత మామూలుగా అంటాడు. ఎందుకయ్యా అంటే, "బ్యాంకోళ్లు కోస్తారు సార్, మాదేం లేదు" అని ఖాళీ చేతులు చూపిస్తాడు.

నిజమే, కోస్తారు. ఆ కోత పేరు ఎండీఆర్, అంటే మర్చంట్ డిస్కౌంట్ రేటు. మరి షాపు అద్దె బిల్డింగు ఓనరు కోస్తాడు, కరెంటు బిల్లు విద్యుత్ సంస్థ కోస్తుంది. వాటికీ బోర్డు పెట్టెయ్యకూడదూ? ఏసీ గాలికి ఒక శాతం, కుర్చీలో కూచున్నందుకు అర శాతం, "ఏం కావాలి సార్" అని అడిగినందుకు పావు శాతం!

నోట్లకు మాత్రం ఖర్చు లేదా? లెక్కపెట్టే మిషను కొనాలి, బ్యాంకుకు మోయాలి, దొంగనోటు తగిలితే దిగమింగాలి. అయినా "క్యాషైతే రెండు శాతం ఎక్కువ" అన్న షాపు నాకింతవరకు తగల్లేదు. నోటుకు నోరు లేదు మరి. కార్డు అలా కాదు, జరిగిన అమ్మకాన్ని లెక్కలోకి ఎక్కించి కూచుంటుంది. ఆ రెండు శాతంలో బ్యాంకు కోత ఎంతో, ఆ చాడీలకు వేసిన జరిమానా ఎంతో!

క్రెడిట్ కార్డు కోతకు రిజర్వ్ బ్యాంకు పరిమితి పెట్టలేదు, రెండు శాతానికి అటూ ఇటూ ఉంటుంది. సరే. డెబిట్ కార్డు తీసినా అదే పాట పాడతారేం? 2018 జనవరి నుంచి దాని మీద కోత పెద్ద వ్యాపారికి 0.90 శాతం, ఏడాదికి 20 లక్షల లోపు అమ్మే చిన్న వ్యాపారికి 0.40 శాతం దాటకూడదు. అంటే 30 వేల మీద పెద్ద షాపుకు పోయేది మహా అయితే 270. దాని మీద జీఎస్టీ కలిపినా 319 దాటదు. మన దగ్గర గుంజేది 600. ఇక రూపే డెబిట్ కార్డుకైతే 2020 నుంచి కోత సున్నా. సున్నా ఖర్చుకు 600 వసూలు! ఈ ఎక్కం మనకు ఏ బళ్లోనూ చెప్పలేదు.

డెబిట్ కార్డు మీద ఈ వడ్డింపు ఒప్పందానికి విరుద్ధమనీ, అలాంటి షాపుతో బ్యాంకు తెగతెంపులు చేసుకోవాలనీ రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. కోతను కొనేవాడి నెత్తిన రుద్దనివ్వొద్దని 2017లో మళ్లీ చెప్పింది. గీకినప్పుడల్లా వాటా రాలుతుంటే బ్యాంకుకేం పట్టింది? పాలిచ్చే గేదె తన్నులు తియ్యన అంటారు. ఇక్కడ పాలు బ్యాంకుకి, తన్నులు మనకి.

మనమూ తక్కువ తినలేదు. నూటికి ఒక రూపాయి విలువైన రివార్డు పాయింట్ల కోసం రెండు రూపాయలు సమర్పించి, ఏదో గెలిచినట్టు ఇంటికొస్తాం.

ఈసారి పోట్లాడకండి. "600 ఇస్తాను బాబూ, బిల్లులో 'కార్డు చార్జీ' అని రాసి ముద్ర వెయ్యి" అనండి, చాలు. పెన్ను ఆగిపోతే, ఆ డబ్బు అడిగే హక్కు వాళ్లకు లేదని వాళ్లే ఒప్పుకున్నట్టు. రాసిస్తే మరీ మంచిది, ఆ బిల్లు జతచేసి బ్యాంకుకు ఫిర్యాదు పంపండి.