ఇంగ్లీషులో ఆలోచించకండి

స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే చోటికి ఎక్కడికి వెళ్లినా చెప్పే మొదటి మాట ఒకటే: ఇంగ్లీషులోనే ఆలోచించండి. కొన్ని చోట్ల నోరు జారి తెలుగు వస్తే జరిమానా కూడా వేస్తారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. అర్థంలో పక్కపక్కనే ఉండే ఇంగ్లీషు మాటల తేడా పట్టుకోవాలంటే తెలుగులో ఆలోచించండి. సగం సగం తెలుగు కాదు, అమ్మమ్మతో మాట్లాడేంత నిండు తెలుగు. ఇది తలకిందుల సలహాలా వినిపిస్తుందని తెలుసు. కానీ తెలివైన పిల్లలు నాలుగు ఇంగ్లీషు ముక్కలకు భయపడి ఇంటర్వ్యూల్లో తల దించుకోవడం చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. వాళ్లకు కావలసిన వ్యాకరణంలో చాలా భాగం వాళ్ల నోట్లోనే ఉంది. దాన్ని వాడుకోనివ్వకుండా జరిమానాలు వేస్తున్నాం.

మాతృభాషను గుమ్మం బయటే వదిలి రమ్మనే పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ పెట్టిన బడి. ఒకే తరగతిలో పది భాషలవాళ్లు కూర్చుంటే, పాఠం చెప్పేవారికి అవేవీ రాకపోతే, అలా నేర్పడం తప్పదు. గుంటూరులోనో వరంగల్లోనో ఆ అవసరం ఎక్కడుంది? పంతులమ్మదీ తెలుగే, పిల్లలదీ తెలుగే. అనువాదాన్ని తరగతిలోకి మళ్లీ రానివ్వాలని గై కుక్ అనే పండితుడు 2010లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మనం మాత్రం ఆ పాత నిషేధాన్నే పట్టుకు వేలాడుతున్నాం.

ముందు సిన్స్, ఫర్ సంగతి చూద్దాం. 'ఐ యామ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అనే వాక్యాన్ని తెలుగువాడి తప్పుగా చూపిస్తారు. తెలుగు వల్లే ఆ తప్పు వచ్చిందంటారు, ఎందుకంటే 'రెండేళ్ల నుంచి' అన్నా 'సోమవారం నుంచి' అన్నా మనకు నుంచి ఒక్కటే. నిజమే. కానీ తెలుగులో ఇంకో దారి ఉంది, దాన్ని మరిచిపోతున్నాం. 'రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను' అని కూడా అంటాం కదా. 'సోమవారంగా ఇక్కడే ఉంటున్నాను' అని మాత్రం చచ్చినా అనం. నుంచి తీసేసి గా పెట్టి చూడండి. వాక్యం నిలబడితే ఫర్, నిలబడకపోతే సిన్స్. 'మూడు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను' అంటే మూడింటికి వచ్చారా, మూడు గంటలసేపు నిలబడ్డారా అన్నది తేలదు. 'మూడు గంటలుగా' అనగానే తేలిపోతుంది. ఆ తేలిన అర్థానికే ఇంగ్లీషులో ఫర్ అని పేరు. క్రియను హావ్ బీన్‌తో మొదలుపెట్టడం వేరే పాఠం, అది విడిగా నేర్చుకోవాల్సిందే.

మచ్, మెనీ మధ్య తేడా నేర్పడానికి లెక్కపెట్టగలిగేవి, లెక్కపెట్టలేనివి అంటూ పేజీలు నింపుతారు. అక్కర్లేదు. ఎంత అని అడిగేచోట మచ్, ఎన్ని అని అడిగేచోట మెనీ. నూనె ఎంత, కాయలు ఎన్ని. మన భాష ఇంకో అడుగు ముందుకు వేసి మనుషులకు ఎందరు అని వేరే మాట పెట్టుకుంది. ఇంగ్లీషుకు అంత సున్నితత్వం లేదు కాబట్టి ఎందరుకీ మెనీయే.

ఇక్కడ ఒక చిక్కుంది, దాచను. పాలు, నీళ్లు, బియ్యం మనకు బహువచనాలు. పాలు పొంగాయి, బియ్యం అయిపోయాయి అంటాం, ఎన్ని నీళ్లు పోశావనీ అడుగుతాం. ఇంగ్లీషులో ఇవన్నీ ఏకవచనాలు, మచ్ అనే అడగాలి. సలహాలు, వార్తలు మనకు ఎన్నయినా ఉంటాయి గానీ ఇంగ్లీషులో అడ్వైస్‌కి, న్యూస్‌కి లెక్క లేదు, 'అడ్వైసెస్' అనకూడదు. అలాంటివి ఒక పాతిక ముప్ఫై మాటలు రాసి పెట్టుకోండి. మిగతా వేల మాటలకు ఎంత, ఎన్ని చాలు. హెయిర్ అనే మాట చూడండి. తల మీద ఉన్నంతసేపూ అది జుట్టు, అన్నంలో కనబడితే వెంట్రుక. మొదటిదానికి బహువచనం ఉండదు, రెండోదానికి ఉంటుంది. ఇంగ్లీషు ఒకే మాటతో రెండు పనులు చేయించుకుంటుంటే మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి.

ఎ ఫ్యూ, ఫ్యూ మధ్య తేడా చెప్పలేక అధ్యాపకులు కూడా తడబడటం చూశాను. తెలుగులో దానికి ఒక్క అక్షరం సరిపోతుంది. 'కొందరు వచ్చారు' అంటే ఎ ఫ్యూ. 'కొందరే వచ్చారు' అంటే ఫ్యూ. 'కొంచెం ఉంది', 'కొంచెమే ఉంది' అన్నప్పుడు ఎ లిటిల్, లిటిల్ కూడా అంతే. ఆ చివరి ఏకారంలో ఉన్న నిరాశనే ఇంగ్లీషు తన ముందున్న ఎ తీసేసి చెబుతుంది. ఎవరూ ఈ ఏకారాన్ని చూపించి నేర్పకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సే, టెల్ దగ్గర తెలుగు ఇంకా బాగా పనికొస్తుంది. అను ఉంది, చెప్పు ఉంది. 'రానంది' దగ్గర సే, 'నాకు విషయం చెప్పింది' దగ్గర టెల్. అను అన్నప్పుడు నోట వచ్చిన మాట ముఖ్యం, చెప్పు అన్నప్పుడు విన్న మనిషి ముఖ్యం. అందుకే టెల్ పక్కన మనిషి ఉండాలి: టెల్ మి, టెల్ హర్. మరి అబద్ధం, కథ, నిజం సంగతేమిటి? వాటికి మనిషి లేకపోయినా టెల్ అనే అంటారు, వ్యాకరణ పుస్తకాలు వాటిని మినహాయింపులుగా చూపిస్తాయి. తెలుగులో అడిగి చూడండి. అబద్ధం అంటామా, అబద్ధం చెబుతామా? కథ అంటామా, కథ చెబుతామా? మనకు అవి మినహాయింపులే కావు. థ్యాంక్స్, సారీ లాంటివి మాత్రం మనం చెబుతాం, వాళ్లు సే అంటారు. వాటిని గుర్తుపెట్టుకోండి.

నేను మరీ గట్టిగా పట్టుబట్టే సలహా నాకు అనే మాటది. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్', 'ఐ యామ్ నోయింగ్ హిమ్' అనేవి మనదేశంలో నిత్యం వినబడేవే. ఏ క్రియలకు ఐఎన్‌జీ తగిలించకూడదో చెప్పే పట్టిక ప్రతి పుస్తకంలో ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. దాని బదులు వాక్యాన్ని నిండు తెలుగులో అనుకోండి. నాకు తెలుసు. నాకు కావాలి. నాకు ఇష్టం. నాకు గుర్తుంది. నాకు ఇద్దరు అన్నలున్నారు. నాకు కనిపిస్తోంది. నాకు వినిపిస్తోంది. వీటిలో దేనికీ నేను అని మొదలు లేదు, ఎందుకంటే ఇవేవీ మనం పూనుకుని చేసే పనులు కావు, మనకు ఉండేవో కలిగేవో. ఇంగ్లీషు కూడా లోపల ఇదే తేడా పాటిస్తుంది గానీ వాక్యం మొదట ఐ పెట్టి దాన్ని కప్పేస్తుంది. నాకు అని మొదలయ్యే తెలుగు వాక్యాలకు ఇంగ్లీషులో చాలావరకు ఐఎన్‌జీ పెట్టరు. నిద్ర రావడం, జ్వరం రావడం లాంటివి కొన్ని తప్పించుకుంటాయి, వాటికోసం సూత్రాన్ని వదులుకోనక్కర్లేదు. హియర్, లిజన్ తేడా కూడా ఇదే: పాట నాకు వినిపించింది అంటే హియర్, పాట నేను విన్నాను అంటే లిజన్. సీ, లుక్ అంత శుభ్రంగా విడిపోవు, సినిమా చూశానన్నా సీ పడుతుంది. ఈ నాకు వాక్యాల తీరు శాస్త్రీయంగా తెలుసుకోవాలనుకుంటే భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో వెలువరించిన 'ఎ గ్రామర్ ఆఫ్ మోడర్న్ తెలుగు' చదవండి. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల చేతిలో తెలుగు వ్యాకరణం పెడతారా అని నవ్వితే నవ్వనివ్వండి.

రైజ్ అనే పేరుతోనే రెండు క్రియలున్నట్టు వినిపించి పిల్లలు తికమకపడతారు. ధర పెరిగింది, ధర పెంచారు. మొదటిదానికి స్పెల్లింగులో ఎ లేదు, రెండోదానికి ఉంది, పలుకులో కూడా చిన్న తేడా ఉంది. లై, లే అంతే: పడుకుంది, పడుకోబెట్టింది. అయితే పడుకోవడం అనే లైకి భూతకాలం మళ్లీ లే అవుతుంది. దానికి తెలుగూ లేదు, తర్కమూ లేదు, బట్టీ కొట్టండి.

ఇలాంటి జంటలోని రెండు మాటల్నీ ఒకేరోజు నేర్చుకోకండి. ఈ సలహా కూడా వింతగానే ఉంటుంది, ఎందుకంటే బజారులో దొరికే పుస్తకాలన్నీ బారో, లెండ్ లాంటివాటిని ఎదురెదురుగా పెట్టి అమ్ముతాయి. 1993లో థామస్ టింకమ్, 1997లో రాబ్ వేరింగ్ ప్రయోగాలు చేసి, అర్థంలో దగ్గరగా ఉండే కొత్త మాటల్ని గుంపుగా నేర్చుకుంటే ఎక్కువ కష్టమవుతుందని చూపించారు. రెండూ కలిసే తలలోకి వెళ్తే కలిసే బయటికొస్తాయి. ఈ నెల అప్పు ఇవ్వడం ఒక్కటే నేర్చుకోండి. అది నోట్లో స్థిరపడ్డాక, వచ్చే నెలలో అప్పు తీసుకోవడం.

తెలుగు నిజంగా దారి తప్పించే చోటు ఒకటుంది. 'గురించి చర్చించాం' అన్న అలవాటుతో 'డిస్కస్ అబౌట్' అంటాం, అబౌట్ ఉండకూడదు. 'నాకు వివరించండి' నుంచి 'ఎక్స్‌ప్లెయిన్ మి' వస్తుంది, మధ్యలో టు కావాలి. ఫలానావారితో పెళ్లయింది కాబట్టి 'మ్యారీడ్ విత్' అంటాం, అక్కడా టుయే. ఇలాంటివాటికే డిక్షనరీ తెరవండి, అర్థం కోసం కాదు. అర్థం మీకు తెలుసు. ఎ.ఎస్. హార్న్‌బీ తయారుచేసి 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ప్రచురించిన నిఘంటువు గొప్పతనం ఏ క్రియ వెనక ఏం వస్తుందో చూపించడంలోనే ఉంది. ఉదాహరణ వాక్యాన్ని యథాతథంగా రాసుకోండి, అర్థం ఉన్న పంక్తిని దాటేయండి.

అమెరికా వెళ్లేవాళ్లు ఒక మాట సర్దుకోవాలి. క్లాసులో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మనదేశంలో పాఠంలో అర్థం కానిది అడగడం. అక్కడ అది మీరు చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదన్నట్టు వినబడవచ్చు. సందేహం అనుకోండి, అనుమానం అనుకోండి, మీ మనసులో ఉన్నది అడగాల్సిన సంగతే అయితే క్వశ్చన్ అనండి.

ఇక లెస్, ఫ్యూయర్. లెక్కపెట్టేవాటికి లెస్ అనకూడదు, ఫ్యూయర్ అనాలంటారు. మనకు రెండింటికీ తక్కువ ఒక్కటే, అందుకని సిగ్గుపడకండి. లెక్కపెట్టేవాటికి లెస్ వాడటం 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు నాటి ఇంగ్లీషులోనే ఉంది. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత అక్కడ ఫ్యూయర్ ఉంటే తనకు బాగుంటుందని రాశాడు. ఒక మనిషి ఇష్టం తర్వాతి తరాలకు చట్టమైపోయింది. 2008లో బ్రిటన్‌లో టెస్కో దుకాణాలు ఈ గొడవ వల్లే 'టెన్ ఐటమ్స్ ఆర్ లెస్' అనే బోర్డులు మార్చి 'అప్ టు టెన్ ఐటమ్స్' అని పెట్టాల్సివచ్చింది. పరీక్షలో అడిగితే ఫ్యూయర్ రాయండి, మార్కులు కావాలి కదా. బయట ఎవరైనా లెస్ అంటే దిద్దకండి.