దేవునికి ఇష్టంగా బతకాలంటే కానుక వేయకండి

ఈ ఆదివారం కానుకల సంచి మీ దగ్గరికి వచ్చినప్పుడు ఏమీ వేయకుండా పక్కవాళ్ళకు అందించండి. ఇంట్లో అంట్లు తోమే ఆమెకు పోయిన నెల జీతం ఇంకా ఇవ్వలేదా? మిరపకాయలు కోసిన కూలీలకు ‘యార్డులో సరుకు అమ్ముడుపోనీ’ అని వాయిదా చెప్పారా? అయితే జేబులో ఉన్న దశమభాగం కవరు దేవునికి ఇచ్చే హక్కు మీకు లేదు. అది వాళ్ళ డబ్బు. ఆరాధన మధ్యలోనే లేచి వెళ్ళి ఇచ్చి రండి. పాస్టరుగారు ఏమనుకుంటారోనన్న భయం వద్దు. కూలివాడి కూలికి లేవీయకాండం 19వ అధ్యాయం తెల్లారేదాకా కూడా గడువివ్వలేదు. కోత కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి దేవుని చెవిన పడుతుందని యాకోబు తన పత్రిక చివరి అధ్యాయంలో హెచ్చరించాడు. మన పాటలకంటే ముందు ఆ మొరే అక్కడికి చేరుతుందని నా నమ్మకం.

మందిర నిర్మాణానికి పేరు రాయించారు, ఆ వాయిదాలు కట్టడంలో ఊళ్ళో ఉన్న అమ్మకు షుగరు మాత్రలకు డబ్బు పంపడం ఆగిపోయింది. వెంటనే వెళ్ళి ఆ పేరు కొట్టేయించండి. కొర్బాను, అంటే ‘దేవార్పితం’, అనే మాట చాటున తల్లిదండ్రుల పోషణ ఎగ్గొట్టినవాళ్ళను యేసు ఎంత కోపంగా మందలించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. వాళ్ళు ఆ సొమ్ము దుబారా చేశారని ఆయన అనలేదు. దేవుని పేరు మీద పెట్టారు, తప్పంతా అక్కడే.

తమ్ముడితో గట్టు తగాదా నడుస్తుంటే గుడికి రావడం మానేసి ముందు ఆ పని చూడండి. దీనికి మత్తయి 5వ అధ్యాయం ఆధారం: అర్పణను బలిపీఠం ముందే విడిచిపెట్టి, మొదట సహోదరునితో సమాధానపడమని. ఆ మాట మనం తరచూ వింటాం గానీ, యేసు దాన్ని చెప్పింది గలిలయలో అన్న సంగతి పట్టించుకోం. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య కొన్ని రోజుల నడక. గొర్రెనో పావురాలనో అక్కడే విడిచిపెట్టి ఊరికి తిరిగొచ్చి, అలిగినవాడితో రాజీపడి, మళ్ళీ అంతదూరం నడిచి వెళ్ళి అర్పించమంటున్నాడు. మనకైతే తమ్ముడి ఇల్లు రెండు వీధుల అవతలే ఉంటుంది. ‘వాడే రావాలి’ అని పదేళ్ళు కూర్చున్నవాళ్ళు ప్రతి నెలా ప్రభు బల్లలో చేయి వేస్తూనే ఉంటారు. నన్నడిగితే, గట్టు సంగతి తేలేదాకా ఆ రొట్టె ముట్టకండి.

సంఘంలో లెక్క పెంచాలన్న తొందర కూడా వదిలేయండి. బాప్తిస్మం అడిగినవాళ్ళను ఆపమని చెబితే కొందరికి కోపం రావచ్చు. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ దొర చేసింది అదే. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పనీ కూలీ ఇప్పించాడు. బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. గింజల కోసం ఎవరూ క్రీస్తు పేరు ఎత్తకూడదన్నది ఆయన పట్టుదల. కరవు సాయం ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మనం ఉజ్జీవ కూటాల్లో చెప్పుకుంటాం, దానికి ముందు ఆయన ఓపిక పట్టిన నెలల్ని చెప్పుకోం. అన్నం ముందు పెట్టండి, దానికి ఏ షరతూ పెట్టకండి.

ఇక అన్నిటికంటే కష్టమైనది. మీ అమ్మాయి పెళ్ళి ప్రకటనలో ‘క్రైస్తవ’ అన్న మాట పక్కన కులం పేరుంటే దాన్ని కొట్టేయండి. సంబంధాలు తగ్గుతాయి, చుట్టాలు సణుగుతారు, తెలుసు. సర్టిఫికెట్ల సంగతి వేరు. క్రీస్తును నమ్మిన దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా లేకుండా చేసింది, ఆంధ్రలో వాళ్ళు బీసీ-సీ కింద ఉన్నారు. ఆ అన్యాయం ప్రభుత్వంతో తేల్చుకోవాల్సింది. పెళ్ళి ప్రకటన మాత్రం మన చేతిలోనే ఉంది. ఒకే ఊళ్ళో మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి, మధ్య పట్టుమని పది నిమిషాల నడక కూడా ఉండదు. పై కులాల నుంచి వచ్చినవాళ్ళు ఆ రెంటి గడపా తొక్కరు. ఒక ఆదివారం మీ గుడి ఎగ్గొట్టి రెండో గుడికి వెళ్ళండి. ఆరాధన అయ్యాక వాళ్ళు పెట్టింది అక్కడే కూర్చుని తినండి. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందు నిలదీసింది భోజనాల విషయంలోనే. అన్యుల పంక్తిలో తింటున్న పేతురు, తనవాళ్ళు రాగానే లేచి పక్కకు తప్పుకున్నాడు. అంతటి అపొస్తలుడికే అలాంటి గద్దింపు తప్పలేదు, మనమెంత.

సాక్ష్యం చెప్పేటప్పుడు కొత్త ఇల్లు, అబ్బాయి అమెరికా వీసా కొన్నాళ్ళు పక్కన పెట్టండి. వీసా రానివాళ్ళు కూడా ఆ చాప మీదే కూర్చుని వింటున్నారు. శుక్రవారం ఉపవాసముంటే ఆ పూట మిగిలిన బియ్యం కొలిచి ఎవరికైనా ఇచ్చేయండి. యెషయా 58వ అధ్యాయం అడిగే ఉపవాసం ఆకలిగొన్నవాడి కంచం దగ్గరికే వెళుతుంది.

క్రిస్మస్ విందుకు ఈసారి బంధువుల్ని పిలవకండి, సంఘ పెద్దల్నీ పిలవకండి. తిరిగి పిలవగలిగినవాళ్ళను పిలవొద్దని లూకా 14వ అధ్యాయంలో యేసు చెప్పాడు. మన ఇళ్ళలో నేను అతి తక్కువగా చూసిన విధేయత ఇదే. ఎవరిని పిలవాలో తోచకపోతే ఊరి చివర ఇటుక బట్టీల దగ్గరికి వెళ్ళండి. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు డిసెంబరులో అక్కడే గుడిసెల్లో ఉంటాయి. మిగిలింది డబ్బాల్లో కట్టి పంపడం వద్దు. పిల్లలతో సహా ఇంటికి పిలిచి, మొదటి బంతిలోనే కూర్చోబెట్టి, మీరే వడ్డించండి.