చిన్నదైనఁ జాలు: ఒక ఆటవెలదికి టీకాతాత్పర్యాలు

అవతారిక

వ్యాఖ్యాతల్లో అగ్రగణ్యుడు కోలాచల మల్లినాథ సూరి మనవాడే. మెదక్ సీమలోని కొల్చారం ఆయన ఊరు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది పలకనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు మేమూ పాటిస్తాం. రెండోది మావల్ల కాదు.

మూలం గూఢంగా ఉన్నచోటే వ్యాఖ్య పుడుతుంది. రఘువంశాన్ని మించిన గూఢగ్రంథం ఇవాళ ఒకటుంది: ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వైబ్రేటర్ పెట్టె మీది రాత. లోపల ఉన్నది ఒకటి, పైన రాసింది 'పర్సనల్ మసాజర్'. ఎక్కడ మసాజు చేసుకోవాలో ఆ రాత చెప్పదు. బొమ్మలో ఆవిడ దాన్ని మెడకు ఆనించుకుని, జన్మజన్మల మెడనొప్పి వదిలినట్టు నవ్వుతుంటుంది.

పెట్టెను తప్పుపట్టి లాభం లేదు. అశ్లీల వస్తువుల అమ్మకం మీద మొన్నటిదాకా ఐపీసీ 292 ఉండేది, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 294 వచ్చింది. ఏది అశ్లీలం అన్నది చాలావరకు చూసే అధికారి మనసును బట్టి ఉంటుంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయించిన ముద్దుపళని 'రాధికాసాంత్వనం' మీద తెల్లదొరలు నిషేధం పెడితే, అది తొలగడానికి ప్రకాశం పంతులు ప్రధానిగా మద్రాసు గద్దె ఎక్కవలసి వచ్చింది. పద్యానికే అంత జరిగితే ప్లాస్టిక్కుకు ఎంత జరగాలి! విదేశాల నుంచి వచ్చిన బాడీ మసాజర్ల సరుకును కస్టమ్స్ వారు 1964 నాటి నోటిఫికేషన్ చూపించి ఆపేశారు. ఇవి వేరే పనికీ వాడుకోవచ్చు గదా అన్నది వారి అనుమానం. అది కమిషనర్ గారి ఊహేనని, ఆ ఊహ మీద సరుకును నిషేధించడం కుదరదని బొంబాయి హైకోర్టు 2024 మార్చిలో తేల్చింది. కాబట్టి పెట్టె మెడ గురించే మాట్లాడుతుంది. మిగతాది మేం మాట్లాడతాం.

అనుబంధ చతుష్టయం చెప్పకుండా శాస్త్రం మొదలుపెట్టరాదు. విషయం: మొదటి సెక్స్ టాయ్ ఎంపిక. ప్రయోజనం: సుఖం, ఆస్పత్రి పాలు కాకపోవడం. అధికారి: పద్దెనిమిదేళ్లు నిండి, ఎవరినీ అడగలేక అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతున్నవారు, పెళ్లయినా కాకపోయినా, ఆడవారైనా మగవారైనా. సంబంధం సంగతి కొన్నాక వారే చూసుకుంటారు.

మూలం

చిన్నదైనఁ జాలు సిలికానుదైనచో
నీటిజెల్లుతోడ నెమ్మదించి
మొదలు వెడద గాక ముందుకేగుట తప్పు
కడుగవలయు మున్ను కడను కూడ.

ప్రతిపదార్థం

సిలికానుది + ఐనచోన్ = సిలికానుతోఁ జేయఁబడినదైనయెడల; చిన్నది + ఐనన్ = పరిమాణమునఁ గొంచెమైనదే యైనను; చాలున్ = సరిపోవును; నీటిజెల్లుతోడన్ = నీరే ఆధారముగాఁ గల లూబ్రికెంటుతో; నెమ్మదించి = తొందర విడిచి (వాడవలెనని శేషము); మొదలు = అడుగుభాగము; వెడద + కాక = విశాలము కాకుండఁగా; ముందుకు + ఏగుట = లోనికిఁ బోవుట; తప్పు = దోషము; మున్ను = వాడుటకుఁ బూర్వమును; కడను కూడన్ = వాడిన పిదపను; కడుగవలయున్ = శుభ్రపఱచవలెను.

తాత్పర్యం

మొదటిసారి కొనేవారు సైజు చూసి కాక మెటీరియల్ చూసి కొనాలి. వాటర్ బేస్డ్ జెల్ రాసుకుని నిదానంగా వాడాలి. అడుగు వెడల్పుగా లేనిదాన్ని వెనుక ద్వారంలోకి పోనివ్వకూడదు. వాడకముందూ వాడాకా కడగాలి.

విశేషాలు

'చిన్నదైనఁ జాలు' - ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. పెద్దదైతే సుఖమూ పెద్దదే కదా, చిన్నదానికి డబ్బు తగలేయడం దేనికి? ఈ వాదం బ్లూ ఫిల్ముల నుంచి వచ్చింది, శరీరశాస్త్రం నుంచి కాదు. స్త్రీకి సుఖం ప్రధానంగా క్లిటోరిస్ దగ్గర పుడుతుంది. బయటికి కనపడేది దాని కొన మాత్రమే, మిగతాదంతా లోపల యోనికి అటూ ఇటూ పాయలుగా చీలి ఉంటుంది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఉన్నదాని కంటే అది చాలా పెద్ద అవయవమని ఆస్ట్రేలియా యూరాలజిస్టు హెలెన్ ఓకానెల్ 1998లో కోసి, కొలిచి చూపించింది. చంద్రుడి మీద మనిషి నడిచిన ముప్పై ఏళ్లకు గాని ఈ కొలత సరిగ్గా తేలలేదన్నది వ్యాఖ్యాత గొణుగుడు. కాబట్టి ఎక్కువమంది ఆడవారికి మొదటి వస్తువు లోపలికి వెళ్లేదే కానక్కర్లేదు. లిప్‌స్టిక్ అంత ఉండే బుల్లెట్ వైబ్రేటర్ బయట ఆనిస్తే చాలు. లోపలికే కావాలనుకుంటే తమ వేలి లావును కొలతగా పెట్టుకుని, అక్కడి నుంచి పైకి పోవడం క్షేమం.

మగవారికి కూడా ఇదే న్యాయం. రింగు కొంటే సాగే సిలికాన్ రింగే కొనాలి, అరగంటకు మించి ఉంచుకోకూడదు, మొద్దుబారినా చల్లబడినా వెంటనే తీసేయాలి. స్టీలు రింగు చూడ్డానికి దర్జాగా ఉంటుంది గాని, వాపు వస్తే దాన్ని కోసి తీయడానికి ఆస్పత్రిలో కట్టర్ వెతకవలసి వస్తుంది.

'పది మోడ్స్' అన్న ప్రకటన మూలంలో లేదు, కవి కావాలనే వదిలేశాడు. ఆ పదిలో సగం రైలు ఇంజను కూతలా ఆగి ఆగి మోగేవే. చూడవలసింది వేగం పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి విడివిడిగా బటన్లు ఉన్నాయా లేదా అన్నది. రెండోది చప్పుడు. అత్తమామలు పక్కగదిలో ఉన్న ఇంట్లో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన లక్షణం. ఫ్యాను ఐదులో పెట్టడం ఉపాయమే గాని జనవరిలో అనుమానం వస్తుంది. మూడోది ట్రావెల్ లాక్. అది లేకపోతే రాత్రి బస్సులో సూట్‌కేసు తనంతట తనే మోగుతుంది, క్లీనర్ కుర్రాడు వచ్చి "ఎవరి ఫోనండీ?" అని అడుగుతాడు.

'సిలికానుదైనచో' - పద్యానికి ప్రాణం ఈ మాట. పూర్వులు ఈ విషయంలో మౌనంగా లేరు. కామసూత్రం ఏడో అధికరణంలో అపద్రవ్యాల ప్రస్తావన ఉంది. బంగారం, వెండి, రాగి, ఇనుము, ఏనుగు దంతం, కొమ్ము వగైరాలతో వాటిని చేసుకోవచ్చని అందులో కనిపిస్తుంది. తగరం, సీసం మెత్తగా చల్లగా ఉంటాయని బాభ్రవ్యుడి సంప్రదాయంవారు మెచ్చుకుంటే, కొయ్యవి కూడా పనికొస్తాయని వాత్స్యాయనుడు అన్నాడు. ఇరువురికీ నమస్కరించి ఇద్దరి మాటా పక్కన పెట్టాలి. సీసం ఒంట్లో చేరితే నరాలకూ మూత్రపిండాలకూ చేటు. పూత లేని కొయ్య తేమను పీల్చి సూక్ష్మజీవులకు ఆశ్రయమిస్తుంది. అంతఃపుర స్త్రీలు దుంపలతో, పండ్లతో కాలక్షేపం చేసేవారని ఐదో అధికరణం చెబుతుంది. ఆ సంప్రదాయం ఫ్రిజ్ కింది అరలో ఇప్పటికీ సజీవంగా ఉంది. కీరదోసకాయ లోపల విరగవచ్చు, తోటలో కొట్టిన మందు పైన అంటుకుని ఉండవచ్చు. కాబట్టి అది సాంబారుకూ సలాడుకూ మాత్రమే యోగ్యం.

పదార్థాలు రెండు జాతులు: సందులున్నవి, సందులు లేనివి. సిలికాన్, బోరోసిలికేట్ గాజు, స్టెయిన్‌లెస్ స్టీలు, గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ రెండో జాతి. వీటిని కడిగితే నిజంగా శుభ్రమవుతాయి. టీపీఈ, జెల్లీ రబ్బరు మొదటి జాతి. కంటికి కనపడని రంధ్రాల్లో మురికి చేరితే ఎంత కడిగినా పోదు. మెత్తటి పీవీసీని మెత్తబరచడానికి థాలేట్లు కలుపుతారు, అవి మెల్లగా బయటికి ఊరుతుంటాయి. పెట్టె తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పుమన్నా, పట్టుకుంటే జిడ్డుగా తగిలినా అదే సూచన. అలాంటిది ఇప్పటికే కొని ఉంటే కాండోమ్ తొడిగి వాడాలి, లేదా పారేయాలి.

శంక: పెట్టె మీద సిలికాన్ అని ఉంది కదా, ఇక భయమేమిటి? సమాధానం: 'సిలికాన్' వేరు, 'సిలికాన్ ఫీల్' వేరు, 'సిలికాన్ బ్లెండ్' వేరు. తరువాతి రెండూ మాయాశబ్దాలు. 'ఫర్ నావెల్టీ యూజ్ ఓన్లీ' అని కింద చిన్నక్షరాల్లో కనిపిస్తే, దాని భావం 'మీరు దీన్ని వాడతారని మేం కలలో కూడా అనుకోలేదు, ఏమైనా జరిగితే మాకు సంబంధం లేదు' అని. పసిపిల్ల చేతి గిలక్కాయకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలన్నిటికీ ఆ నియమం వర్తిస్తుంది. పెద్దలు ఒంట్లోపల పెట్టుకునే బొమ్మ దాని పరిధిలోకి రాదు. అంతర్జాతీయ ప్రమాణం మాత్రం ఉంది: 2021లోనే వచ్చిన ఐఎస్‌వో 3533. మెటీరియల్స్ గురించి, డిజైన్ గురించి, వాడేవారికి ఏం చెప్పాలన్నదాని గురించి అందులో నియమాలున్నాయి. దాన్ని పాటిస్తున్నామని చెప్పుకునే తయారీదారుకు పది మార్కులు వేయవచ్చు.

'నీటిజెల్లుతోడ' - కొబ్బరినూనెతో ఎందుకు కాదంటారా? తెలుగింట తలకూ ఒంటికీ దీపానికీ నూనే గనక ఈ శంక సహజం. లేటెక్స్ కాండోమ్‌ను నూనె కొద్ది నిమిషాల్లోనే బలహీనపరుస్తుంది. కాండోమ్ ఉన్నచోట కొబ్బరినూనె, నువ్వులనూనె, పసుపు కలిపిన నలుగునూనె ఏదీ పనికిరాదు. సిలికాన్ జెల్ మంచిదే, కాని అది సిలికాన్ బొమ్మ పైపొరను పాడుచేయవచ్చు. నీటి జెల్‌కు ఎవరితోనూ పేచీ లేదు. ఆరిపోతే నాలుగు చుక్కల నీళ్లు చల్లితే మళ్ళీ జారుతుంది. అయితే అన్ని నీటి జెల్‌లూ సమానం కావు. మరీ గాఢంగా ఉంటే అవి కణాల నుంచి నీటిని లాగేసి మంట పుట్టిస్తాయి. లూబ్రికెంట్ గాఢతను చెప్పే కొలత, అంటే ఆస్మోలాలిటీ, 1200 దాటకూడదని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ అంకె ట్యూబు మీద దొరకడం దుర్లభం. గ్లిజరిన్, చక్కెర, సువాసన, 'హాట్', 'కూల్' అన్న మాటలు లేనిదాన్ని ఎంచుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే.

'నెమ్మదించి' - స్పష్టం. మొద్దుబరిచే క్రీములు రాసుకుని తొందరపడేవారికి మాత్రం ఒక మాట: నొప్పి ఆపమని చెప్పడానికి వస్తుంది, దాని నోరు నొక్కకూడదు. భార్యాభర్తల మధ్య అయితే వస్తువును దిండు కింద నుంచి హఠాత్తుగా తీయడం కంటే ముందురోజు ఒక మాట అనుకోవడం నయం. "నేను చాలనా?" అన్న ప్రశ్న ఆ పూటే రావాలి, ఆ క్షణంలో కాదు.

'మొదలు వెడద గాక' - నవ్వుతూ రాస్తున్న టీకాలో ఇక్కడ మాత్రం నవ్వు ఆపాలి. యోని లోపల గర్భాశయ ముఖం దగ్గర ముగిసిపోతుంది, ఏ వస్తువూ అక్కడి నుంచి దాటిపోదు. మలద్వారం అలా కాదు. దాని పైన పెద్దపేగు ఉంది, ద్వారం దగ్గరి కండరం బిగుసుకుందంటే చేతిలోంచి జారిన వస్తువు పైకి పోతుంది. అందుకే అక్కడ వాడేదానికి కిందిభాగం శరీరం బయటే ఆగేంత వెడల్పుగా ఉండాలి. నున్నటి బుల్లెట్‌ను దారం ఉంది కదా అని అటు పంపకూడదు, దారం తెగుతుంది. పొరపాటున జరిగితే ఇంట్లో గరిటెలతో, పటకారుతో ప్రయత్నించకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. విరేచనాల మందు వేసుకోకూడదు. "జారి కూర్చున్నానండీ" అని కథ చెప్పినా డాక్టరు నమ్మడు, నిజం చెబితే పని త్వరగా అవుతుంది. ఇంకొకటి: వెనుక వాడినదాన్ని కడగకుండా, కాండోమ్ మార్చకుండా ముందుకు తేకూడదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వచ్చే దారుల్లో ఇదొకటి.

'కడుగవలయు' - మోటారు లేని సిలికాన్, గాజు, స్టీలు వస్తువుల్ని కొద్ది నిమిషాలు నీళ్లలో మరిగించవచ్చు. పాలగిన్నెలో కాదు. మోటారున్నదానికి గోరువెచ్చని నీళ్లు, వాసన లేని తేలికపాటి సబ్బు చాలు. డెట్టాల్ వద్దు, అక్కడి చర్మం ఇంటి గచ్చు కాదు. పెట్టె మీద ఐపీఎక్స్ 7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా చెడిపోదని అర్థం. వట్టి 'స్ప్లాష్‌ప్రూఫ్' అని ఉంటే కుళాయి కింద పెట్టే ముందు ఆలోచించాలి. ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరాకే వైరు గుచ్చాలి.

ప్రక్షిప్త విచారం

పద్యం కింద కొన్ని ప్రతుల్లో ఒక కథ చేరింది: విక్టోరియా కాలపు డాక్టర్లు హిస్టీరియా రోగం వచ్చిన ఆడవారికి చేత్తో చికిత్స చేసి చేసి అలసిపోయి వైబ్రేటర్‌ను కనిపెట్టారని. 1999లో రేచల్ మెయిన్స్ పుస్తకంతో ఇది లోకమంతా పాకింది, దీని మీద నాటకమూ సినిమా కూడా వచ్చాయి. హేలీ లీబర్‌మన్, ఎరిక్ షాట్జ్‌బర్గ్ 2018లో ఆ పుస్తకం చూపించిన మూలాలన్నీ తిరగేసి, ఆ కథను నిలబెట్టే ఆధారం వాటిలో లేదని తేల్చారు. 1880లలో కరెంటు వైబ్రేటర్ చేయించిన మోర్టిమర్ గ్రాన్‌విల్ దాన్ని నొప్పులకు, నరాల జబ్బులకు వాడాడు. ఆడరోగుల మీద వాడకుండా తప్పించుకున్నానని తనే రాసుకున్నాడు కూడా. కాబట్టి కథ ప్రక్షిప్తం, పరిహరించాలి. అసలు చరిత్రలోనూ మెడనొప్పే ఉంది: 1968లో హిటాచి కంపెనీ అమెరికాలో మసాజర్‌గానే దించిన మ్యాజిక్ వాండ్‌ను జనం ఎందుకు కొంటున్నారో లోకానికంతా తెలిశాక, 2013లో ఆ కంపెనీ తన పేరు దాని మీద నుంచి తీయించుకుంది.

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. చి-సి, నీ-నె, మొ-ము, క-క యతిమైత్రులు. సిలికాను సలగణం, ఇంద్రగణాల్లో చక్కగా ఒదిగింది. గాజు, స్టీలు రెండూ హగణాలు, సూర్యగణాల చోట ఎక్కడైనా కూర్చుంటాయి. పీవీసీ, టీపీఈ మూడేసి గురువులతో మగణాలు, విడి గణాలుగా ఆటవెలది గడప తొక్కలేవు. జెల్లీ రెండు గురువుల గగం, విడి గణంగా దానికి కందంలోనే గాని ఇక్కడ ప్రవేశం లేదు. ఏబీఎస్ కూడా మగణమే కావడం వల్ల మంచిదై ఉండీ పద్యం బయట నిలబడిపోయింది. బుల్లెట్ వైబ్రేటర్ల ఒంటికి ఎక్కువగా వాడేది దాన్నే, కొనేవారు సందేహించనక్కర్లేదు.