ముద్దాయి పప్పు

ఆపరేషన్ తర్వాత కుట్లకు చీము పట్టడానికి వైద్య పుస్తకాలు చాలా కారణాలు చెబుతాయి. సంజామల అరుగుల మీద మాత్రం ముద్దాయి ఒక్కటే: పప్పు. వంకాయ, గుమ్మడికాయ సహనిందితులు. నల్లరేగడిలో పుట్లకొద్దీ శనగ పండే ఈ మండలంలో, నంద్యాలలోనో కర్నూలులోనో కడుపు కోయించుకుని వచ్చిన మనిషికి నంజు పేరుతో నెలంతా పప్పు బంద్. చారునీళ్లు, బ్రెడ్డుముక్కలతోనే గాయం పూడాలి. కొత్త కండ పట్టడానికి మాంసకృత్తులు కావాలి. పప్పులో, గుడ్డులో ఉన్నవి అవే. ఇటుకలు ఆపేసి, గోడ లేవలేదని మేస్త్రీని తిట్టినట్టుంటుంది ఈ పథ్యం. షుగర్ ఉన్న రోగికైతే పప్పు నిషిద్ధం, పరామర్శకు వచ్చిన మిఠాయి సమ్మతం. రక్తంలో చక్కెర పెరిగితే చీము ముప్పు పెరుగుతుందన్న సంగతి విచారణకే రాదు.

చీముకు మూలం సూక్ష్మజీవులు. అవి ఎక్కువగా రోగి చర్మం నుంచో పేగుల నుంచో వస్తాయి. లేదా ఇతరుల చేతుల మీదుగా, శుద్ధి సరిగా లేని పరికరాల మీదుగా చేరతాయి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ప్రసవాల వార్డు వైద్యుల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి బాలింతల మరణాలను బాగా తగ్గించాడు. తోటి వైద్యుల్లో చాలామందికి అది నచ్చలేదు. పప్పును నిందిస్తే ఆ చిక్కు లేదు. కందిబేడ ఎదురు చెప్పదు. డాక్టరు, నర్సు, చుట్టాలు, రోగి అందరూ నిర్దోషులుగా బయటపడతారు.

2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వారిలో నలుగురు చనిపోయారు. విచారణ ఇన్ఫెక్షన్ వైపే చూపింది తప్ప, వాళ్లు తిన్న కూర వైపు కాదు.

నివారణ ఆపరేషన్‌కు ముందే మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పిన ప్రకారం రోగి ముందుగా సబ్బుతో స్నానం చేయాలి. వెంట్రుకలను బ్లేడుతో గీయకూడదు. తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించాలి. అవసరమైన చోట యాంటీబయాటిక్ కోతకు ముందు 120 నిమిషాల లోపు పడాలి. ఆపరేషన్ ముగిశాక ముందుజాగ్రత్త పేరుతో దాన్ని సాగదీయకూడదు. ‘గట్టి సూదులు పది రోజులు రాయండి సార్’ అని పట్టుబట్టే బంధువుకు ఈ చివరి మాట రుచించదు. అదే బంధువు చేతులు కడగకుండా మంచం మీద కూర్చుని, పట్టీ ఎత్తి ‘ఆరిందా?’ అని చూస్తాడు.

కుట్ల సంగతి అలా ఉంటే, ఊపిరితిత్తులకు జరిగే చెరుపు పేరు విశ్రాంతి. కడుపు కోతతో నొప్పి, నొప్పితో పైపై ఊపిరి. కింది భాగంలోని గాలిగదులు ముడుచుకుంటాయి, కఫం నిలుస్తుంది, న్యుమోనియా పట్టుకుంటుంది. అందుకే డాక్టరు అనుమతిస్తే మరునాడే, వీలైతే ఆ రోజే లేపి కూర్చోబెట్టి నడిపిస్తారు. దిండు పొట్టకు అదుముకుని దగ్గమంటారు, పళ్లు తోముకోమంటారు. ‘కదిలితే కుట్లు తెగుతాయి’ అంటూ ఇంటివాళ్లు మళ్లీ పడుకోబెడతారు. ఊపిరి వ్యాయామానికి ఆసుపత్రి ఇచ్చిన మూడు బంతుల పరికరాన్ని రోగి ఊదుతాడు. పీల్చాలని చెప్పినా ఎవరూ వినరు. తర్వాత అది మనవడి బొమ్మ. బీడీ ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మానాలి. పప్పు మానిన మనిషికి అది మాత్రం ‘ఒకటే కదా’.

జ్వరం, కుట్ల చుట్టూ ఎరుపు, వాపు, చీము, ఆయాసం, ఛాతీ నొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పథ్యం ఇంకో వారం పొడిగించడం వీటిలో దేనికీ మందు కాదు.